‘మీరేమిట్లు?’ : ముద్రల నడుమ పదహారేళ్లు

తెలుగు విమర్శకులకు దయానిధి అంటే మహా ప్రేమ. ‘చివరకు మిగిలేది’ వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, తల్లి మీద లోకం వేసిన నిందను మోసుకు తిరిగే ఆ కుర్రవాడి మనసును ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ‘అంపశయ్య’ (1969) రవి సంగతీ అంతే. ఉస్మానియా హాస్టల్లో ఒక్క రోజు అతని తలలో తిరిగిన ఆలోచనల మీద ఎన్ని వ్యాసాలు! మంచిదే, మేం కాదనడం లేదు. అవి చదివే మేమూ ఎం.ఏ. పాసయ్యాం. కానీ అదే విమర్శ ‘జూఠన్’ దగ్గరికో, ‘కరుక్కు’ దగ్గరికో, మన కథల దగ్గరికో వచ్చేసరికి భాష మార్చేస్తుంది. దయానిధికి అంతర్మథనం, రవికి చైతన్య స్రవంతి. మనవాళ్లకు మాత్రం ‘బాధ’, ‘గాయం’, ‘సామాజిక పత్రం’. అంటే వాళ్ల పిల్లలకు మనస్తత్వ శాస్త్రమూ, మన పిల్లలకు సమాజశాస్త్రమూ పంచిపెట్టారన్న మాట. ఈ పంపకం మీదే మా తగాదా.

యవ్వనం తొలిరోజుల్లో ‘నేనెవర్ని’ అన్న వెతుకులాట ఉంటుందనీ, అది అన్ని తరాల్లోనూ ఒక్కలాగే ఉంటుందనీ ఆదివారం అనుబంధాల్లో డాక్టర్లు రాస్తుంటారు. మీ తాతా ఇలాగే ఉన్నాడు, మీ నాన్నా ఇలాగే ఉన్నాడు, కంగారు పడకండి, తగ్గిపోతుంది అంటారు. దీనికి శాస్త్రం కూడా ఉంది. ఎరిక్ ఎరిక్సన్ 1968లో వేసిన పుస్తకంలో ఈ వయసును అస్తిత్వ సంక్షోభం అన్నాడు. పిల్లలు ఒక్కో వేషం వేసుకుని చూసుకోవడానికి సమాజం కొంత వ్యవధి ఇస్తుందనీ, ఆ వ్యవధిలో వాళ్లు తమని తాము తేల్చుకుంటారనీ అతని లెక్క. బాగుంది. మరి ఆ వ్యవధి ఎవరికిచ్చారు? ఊళ్లో పదమూడేళ్ల పిల్లవాణ్ణి బస్సులో పక్క సీటు పెద్దాయన ముందు పేరడుగుతాడు. పేరులో ఏమీ తెలియకపోతే ఇంటిపేరు. దానికీ తెలియకపోతే ఊళ్లో ఏ వైపు ఇల్లు అని. ఇవన్నీ అయ్యాక గోదావరి, కృష్ణా వైపు అయితే ‘మీరేమిట్లు?’, తెలంగాణలో అయితే ‘మీరెవలు?’. ‘నేనెవర్ని’ అని వాడు తనను తాను అడుక్కోకముందే ‘మీరెవరు’ అని బహువచనంలో అడిగేశారు. ఈ ప్రశ్నలో గౌరవం కనిపిస్తుంది చూడండి, ‘మీరు’ అంటున్నారు కదా. జవాబు వచ్చాక ఆ ‘మీరు’ ‘నువ్వు’ అయిపోతుంది.

కాబట్టి తరతరాలుగా మారకుండా ఉన్నది వయసు కాదు, అడిగేవాడు. పాత పుస్తకాలు ముందేసుకుని చూస్తే ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది.

1901. సతారా నుంచి రైలెక్కిన పిల్లలు మసూర్ స్టేషన్లో దిగారు. గోరేగావ్‌లో ఖజానా పని చేస్తున్న తండ్రి దగ్గరికి ప్రయాణం. ఇస్త్రీ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. ఎవరు బాబూ మీరు అన్నాడు. పదేళ్ల భీమరావు ఆలోచించకుండా మహర్లమని చెప్పేశాడు. ఆ మనిషి ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ రామన్నారు. రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నా, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్నాడు. రాత్రి టోలుగేటు దగ్గర ఆ బండివాడే ఒక ఉపాయం చెప్పాడు. ముస్లింలమని చెప్పండి, నీళ్లు దొరుకుతాయేమో అన్నాడు. అంబేద్కర్ వెళ్లి ఉర్దూలో నీళ్లడిగాడు. దొరకలేదు. వెంట తెచ్చుకున్న అన్నం ఉండి కూడా, నీళ్లు లేక తినకుండానే పడుకున్నారు.

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లోని ఈ భాగాన్ని మనం సభల్లో ఎన్నోసార్లు చెప్పాం, విన్నాం. దాహం గురించే చెప్పాం. ఆ ఉర్దూ గురించి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నిజం చెప్పి దెబ్బ తిన్న పిల్లవాడు రాత్రికి వేషం మార్చాడు, భాష మార్చాడు. ఎరిక్సన్ చెప్పిన ‘వేషాలు వేసి చూసుకోవడం’ ఇదే. కాకపోతే అక్కడ పిల్లలు సరదాకి వేస్తారు, ఇక్కడ మంచినీళ్లకు. పదేళ్లంటే ఇంకా యవ్వనం కాదు కదా అని ఎవరన్నా అనొచ్చు. నిజమే, పుస్తకాల ప్రకారం కాదు. మన వాడల్లో ఆ వయసు కొంచెం ముందే వస్తుంది, ఎవరో వచ్చి తెచ్చిపోతారు. అదే మనిషి విదేశంలో చదివొచ్చి బరోడాలో ఉద్యోగానికి చేరినప్పుడు, తలదాచుకోను చోటు లేక పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. టోలుగేటుకీ బరోడాకీ నడుమ బొంబాయి ఉంది, న్యూయార్కు ఉంది, లండన్ ఉంది. అడిగేవాడి ముందు ఇవేవీ లెక్కలోకి రాలేదు.

బామ ‘కరుక్కు’ (1992)లో ఇంకో రకం జవాబు కనిపిస్తుంది. క్లాసులో టీచరు హరిజన విద్యార్థులు లేచి నిలబడండి అంటుంది. ప్రభుత్వం వాళ్ల కోసం ప్రత్యేక ట్యూషన్ పెట్టిందట. ఇద్దరు లేస్తారు. మిగతా క్లాసులో చిన్న అలజడి, ఒక వెకిలి నవ్వు. బామ మాకు మీ ట్యూషనూ వద్దు, ఇంకేమీ వద్దు అని చెప్పి కూర్చుంటుంది. ఈ కూర్చోవడాన్ని ‘ఆత్మగౌరవం’ అని ఒక్క మాటలో తేల్చేయడం మాకు నచ్చదు. ఆ ట్యూషన్ అవసరమైన పిల్ల కూడా వదులుకుని కూర్చుంది. సహాయాన్నీ ముద్రనీ ఒకే పొట్లంలో కట్టి ఇస్తే ఏది తీసుకోవాలో ఏది వదలాలో ఆ వయసులో అరనిమిషంలో తేల్చుకోవాలి. రాజ్యం ఇచ్చేది అవసరమైనదే, మన పోరాటాలతో వచ్చినదే. ఇచ్చే పద్ధతిలోనే ఉంది అంతా.

మా ఇంటర్మీడియట్ రోజుల్లో క్లాసు మధ్యలో అటెండరు కాగితం పట్టుకొచ్చి ‘స్కాలర్‌షిప్పోళ్లు ఆఫీసుకి రావాల’ అని గుమ్మంలోంచి అరిచేవాడు. పదిమందిమి లేచేవాళ్లం. ఇద్దరు ముగ్గురు లేచేవాళ్లు కాదు. వాళ్లు సాయంత్రం ఒక్కొక్కళ్లే దొంగల్లా పోయి సంతకం పెట్టొచ్చేవాళ్లు. లేచినవాళ్లు ధైర్యస్తులు, లేవనివాళ్లు పిరికివాళ్లు అనుకుంటే మన పని సులువవుతుంది. అయితే మేం లేచింది ధైర్యంతో కాదు, లేవకపోయినా అందరికీ తెలుసు కాబట్టి. తెలియనివాడికే దాచుకునే అవకాశం ఉంటుంది. ఇప్పుడు ఆ అరుపు లేదు, అంతా కంప్యూటర్లోనే. దాని బదులు ‘ర్యాంకెంత?’ అన్నదాని వెంటే ‘కేటగిరీనా?’ అని వస్తుంది. 2019లో అగ్రకులాల పేదలకు పది శాతం వచ్చింది. ఆ సీటు తెచ్చుకున్న పిల్లవాణ్ణి ఎవరైనా అలా అడగ్గా మేం వినలేదు.

ఓంప్రకాశ్ వాల్మీకి ‘జూఠన్’ (1997)ను మనవాళ్లు చీపురు దగ్గర ఆపేస్తారు. హెడ్మాస్టరు పేరడిగి, ఆ వెంటనే కులమడిగి, పాఠాలు మానిపించి బడి ఆవరణంతా ఊడిపించిన ఘట్టం. అది భరించలేనిదే. కానీ ఆ పుస్తకంలో అంతకన్నా లోతైన చోట్లు తర్వాత ఉన్నాయి. ఉద్యోగ శిక్షణకు అంబర్‌నాథ్ వెళ్లిన కుర్రవాణ్ణి ఒక బ్రాహ్మణ కుటుంబం ‘వాల్మీకి’ అన్న పేరు చూసి తమవాడే అనుకుంటుంది. ఆ ఇంటి అమ్మాయి సవిత అతన్ని ఇష్టపడుతుంది. అదే ఇంట్లో ఒక మహర్ ప్రొఫెసరుకు వేరే కప్పులో టీ ఇవ్వడం అతను చూస్తాడు. ఊరుకుంటే గడిచిపోయేది. ఊరుకోలేక నేనెవరో చెప్పేస్తాడు. ఆ అమ్మాయి మొదట నమ్మదు, తర్వాత ఏడుస్తుంది. ఈ ప్రేమకథను తెలుగులో ఎవరైనా మనస్తత్వ దృష్టితో చదివారా? చలం నాయికల మీద తరగని ఆసక్తి చూపిన విమర్శ ఈ పిల్లవాడి నోట్లో ఆగిపోయిన మాటను పట్టించుకోలేదు.

పుస్తకం చివర ఇంకొకటుంది. వాల్మీకి అన్న కూతురు సీమ కాలేజీలో చదువుతోంది. ఈ రచయిత నీకు తెలుసా అని ఎవరో అడిగితే, తెలియదని చెబుతుంది. బాబాయి తెలుసంటే తన కులం అందరికీ తెలిసిపోతుంది. ఆయన ఈ సంగతి కోపం లేకుండానే రాశాడు, నొప్పితో రాశాడు. ఇంటిపేరు తీసెయ్యమని సొంతవాళ్లే పోరుపెట్టినా వదలని మనిషి ఆయన. ఒకే ఇంట్లో ఒక తరం పేరును జెండాలా పట్టుకుంటే, తర్వాతి తరం దాన్ని పుస్తకాల సంచిలో అడుగున పెట్టింది. అజ్మీర్‌లో పుట్టిన యశికా దత్‌ను ఇంట్లోవాళ్లు బ్రాహ్మణ పిల్లలాగానే పెంచారు. రోహిత్ వేముల మరణం తర్వాతే, 2016లో ఆమె బయటపడింది. 2019లో పుస్తకం రాసింది. సీమ దాచింది, యశిక చాలా ఏళ్లు దాచి చెప్పింది, పదేళ్ల భీమరావు చెప్పి దాచాడు. వీళ్లను వరసలో నిలబెట్టి మార్కులు వెయ్యడం విమర్శ పని కాదు. అలా వేసే అలవాటు మన ఉద్యమ సాహిత్యంలోనూ ఉంది. ఎన్ని కథల్లో చూడలేదూ, కులం దాచుకున్న పాత్ర చివర్లో సిగ్గుపడాలి, లేదా నాశనమైపోవాలి. కుర్రవాడి మీద అగ్రకులం వేసే ప్రశ్న ‘మీరేమిట్లు?’ అయితే, మనం వేసే ప్రశ్న ‘చెప్పుకోవేం?’. రెండింటికీ నిలబడాల్సింది వాడే.

మరి ముద్రను మార్చుకోవడం సాధ్యం కాలేదా? అయింది. అదీ గట్టిగా చెప్పుకోవాల్సిన చరిత్రే. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. ఆయన ఆ పంచమ అన్న మాటే ఒప్పుకోలేదు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును రికార్డుల్లోకి తీసుకుంది. అన్నట్టు ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య, ‘రెడ్డి’, ‘వర్మ’ తర్వాత చేరినవే. 1932 తర్వాత హరిజన అన్నారు, అది మనం అడిగింది కాదు. 1985 జులై 17న కారంచేడు తర్వాత దళిత అన్న మాట తెలుగు నేల మీద ఇంటి మాట అయింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా మొదలయ్యాక, బూతులా వాడిన మాటను యువకులు పేరు చివర బిరుదులా తగిలించుకున్నారు. మాదిగ అని సంతకం పెట్టడం, గోడ మీద రాయడం! అంతకుముందు ఆ మాట ఎదుటివాడి నోట్లోంచే వచ్చేది. ఇప్పుడు కుర్రవాడు ముందే అనేస్తే ఎదుటివాడి చేతిలో ఆయుధం లేకుండా పోయింది. దయానిధికి గానీ రవికి గానీ ఈ పని చెయ్యాల్సిన అవసరం రాలేదు. కాబట్టి అస్తిత్వ వేదన గురించి మనకు వాళ్లు నేర్పడం కాదు, వాళ్లే మన దగ్గర నేర్చుకోవాలి.

ఐతే ఒక సంగతి మరవద్దు. దండోరా కుర్రవాళ్లు తమ ముద్రను తామే వేసుకున్నారు. పైనుంచి వచ్చే పేరు అలాంటిది కాదు, ఎంత మంచి పేరైనా. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో 2012 తర్వాత ‘స్వేరో’ అన్న మాట వచ్చింది. సంక్షేమ హాస్టలు పిల్లలన్న చిన్నచూపును తుడిచెయ్యాలన్నది దాని ఉద్దేశం. చాలామంది పిల్లలు గర్వంగానే చెప్పుకున్నారు, ఎవరెస్టు దాకా ఎక్కారు. దాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ బడి గేటు దాటాక ఆ మాటకు అర్థం అడిగి, తెలిశాక ‘ఓ, హరిజన హాస్టలా’ అనే మనిషి ఇంకా బస్టాండులో నిలబడే ఉన్నాడు. ఇక సర్టిఫికెట్ల మీద 1997లో ఎ, బి, సి, డి అన్నారు. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఒకటి, రెండు, మూడు గ్రూపులు వచ్చాయి. వర్గీకరణ న్యాయమా కాదా అన్నది ఇక్కడ మా చర్చ కాదు. ఒకే గదిలో పడుకునే నలుగురు పదిహేనేళ్ల పిల్లలు ఈ అంకెలతో ఒకరినొకరు ఎలా పిలుచుకుంటున్నారో వినండి అని మాత్రం టీచర్లను అడుగుతున్నాం.

క్రైస్తవ పల్లెల్లో రెండు పేర్ల బతుకు వేరే. బడిలో వెంకటేశ్వర్లు, చర్చిలో ఏసురత్నం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. ఆదివారం ఒక పేరుకి, సోమవారం ఇంకో పేరుకి పలకాల్సిన పిల్లవాడు ‘నాకు రెండు పేర్లెందుకు’ అని అడిగితే తల్లి ఏం చెబుతుంది? స్కాలర్‌షిప్పు గురించి చెబుతుంది. బాప్తిస్మానికి కూర్చోబెట్టినప్పుడు నిజమే మాట్లాడాలని పాస్టరు చెబుతాడు. ఈ పిల్లవాడి మీద మనస్తత్వ నవల ఒకటి రావాల్సి ఉంది.

దయానిధిని పీడించింది తల్లి మీద వేసిన ముద్ర అన్నాం కదా. ఇప్పుడు జాషువాను చూడండి. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. శరణ్‌కుమార్ లింబాలే ‘అక్కర్‌మాశి’ (1984)లో తండ్రి పై కులం పటేలు, తల్లి మహర్. బడి రిజిస్టరులో తండ్రి పేరు అన్న గడి దగ్గరే అతని కథంతా నిలబడుతుంది. జాషువా పుట్టిన తొంభై నాలుగేళ్లకు అదే గుంటూరు గడ్డ మీద పుట్టిన రోహిత్ వేములకు తల్లి మాల, తండ్రి వడ్డెర. పెంచింది తల్లి. తండ్రి కులాన్నే కళ్లు మూసుకుని అంటగట్టకూడదనీ, బిడ్డ ఎవరి మధ్య పెరిగాడో, ఏ వివక్ష పడ్డాడో చూడాలనీ 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రోహిత్ పోయిన ఎనిమిదేళ్లకు, 2024 మేలో, పోలీసులు కేసు మూసేస్తూ అతను ఎస్సీ కాడని నివేదిక రాశారు. గొడవ జరిగాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, నువ్వు సగమా పూర్తా అన్న ప్రశ్న చచ్చిపోయిన పిల్లవాణ్ణి కూడా వదల్లేదు. తల్లి ముద్రను మోసే కొడుకు అన్న వస్తువు తెలుగు విమర్శకు అంత ఇష్టమైనప్పుడు, దయానిధి పక్కన వీళ్లను పెట్టి చదవడానికి అడ్డం ఏముంది?

ఆడపిల్లల దగ్గర ముద్ర శరీరం దాకా వస్తుంది. గోగు శ్యామల కథ ఒకదానిలో, కూతుర్ని జోగినిగా విడవాలన్న ఊరి పెద్దల మాటకు ఎదురుతిరిగి తండ్రి ఆ పిల్లను తీసుకెళ్లి హాస్టల్లో చేరుస్తాడు. 1988 నుంచి ఈ ఆచారం చట్టరీత్యా నేరం. ఆ కథను తండ్రి త్యాగంగా చదివేవాళ్లు ఎక్కువ. కానీ కథ నడిచేది పిల్ల చూపులోంచి. తన గురించి ఊరు ఏం తీర్మానించిందో పెద్దల మాటల తునకల్లోంచి ఆ పిల్ల ఏరుకుంటూ ఉంటుంది. పదహారేళ్లు రాకముందే తన పేరేమిటో ఊరు నిర్ణయించేసిందని తెలుసుకోవడం, దాన్ని తప్పించుకుంటే ఇల్లే పోతుందని తెలుసుకోవడం, ఇవి ఒకే రాత్రిలో జరుగుతాయి. అంతర్మథనం అంటే ఇంకేమిటి?

క్లాసు రూముల్లో ఈ చదువు మొదలుపెట్టడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. అడిగిందెవరు, ఎక్కడ నిలబెట్టి అడిగారు, ఆ క్షణంలో ఆ పిల్లకో పిల్లవాడికో ఎన్ని జవాబులు అందుబాటులో ఉన్నాయి, ఏది ఎంచుకున్నారు అని చూస్తే చాలు. సీమ ‘తెలియదు’ అన్న చోట పుస్తకం మూసి ఒక పీరియడు మాట్లాడుకోవచ్చు. మేం రాసిన పరీక్షల్లో మాత్రం జాషువా అంటే కరుణరసమే అడిగారు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించినట్టు జీవిత చరిత్రలు చెబుతాయి. పద్యం చదివి బయటికొచ్చిన ఆ కుర్రవాడు ఇంటికి నడిచిన దారిలో ఏమనుకుని ఉంటాడో ఊహించి రాయమని ఎవరూ అడగలేదు.